తలుపు మూసినది ఎవరు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంటర్ మార్కులు తగ్గినందుకో, పెళ్లి వల్లనో, దుకాణంలో కూర్చోవలసి వచ్చో చదువు ఆగిన మన పిల్లలకు "ఇక డాక్టరీ ఏమిటి?" అంటున్నది ప్రభుత్వం కాదు, మన పెద్దలే. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి 2022లోనే తొలగింది. ఇన్నిసార్లే రాయాలన్న హద్దు లేదు. ప్రశ్నపత్రం తెలుగులోనూ, ఉర్దూలోనూ ఉన్నది. ఇంటర్ ఉత్తీర్ణులైన బి.సి.లకు భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో కలిపి 40 శాతం చాలు. ర్యాంకు తేల్చేది నీట్ మార్కులే. బి.సి.-ఇ కోటా 4 శాతం ఉన్నది. 2019 నుంచి సూర్యాపేటలోనే ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది.

లేనిది కోచింగ్ ఫీజు. వలీమాకు అప్పు చేసి వడ్డించేవారే, ముప్పై ఏళ్ల తల్లి మళ్లీ పుస్తకం పడితే నవ్వుతున్నారు! మసీదు కమిటీలను మేము అడుగుతున్నాము: వచ్చే రంజాన్ జకాత్‌లో అర్హులైన ఇటువంటి విద్యార్థులకు వాటా తీయండి. బి.సి.-ఇ ధ్రువపత్రాలను కౌన్సెలింగ్ ముంగిట కాదు, ఇప్పుడే తీయించండి.