జాసూస్ నుంచి ముద్దాయి దాకా

ఉర్దూ నవలలు చదివే పెద్దలున్న ఇళ్లలో ఇబ్నె సఫీ పేరు వినని వారు అరుదు. 1952లో అలహాబాదు నుంచి 'దిలేర్ ముజ్రిమ్' నవలతో మొదలైన ఆయన 'జాసూసీ దునియా', ఆ తరువాత వచ్చిన 'ఇమ్రాన్ సిరీస్' దశాబ్దాల పాటు పాఠకులను ఆకట్టుకున్నాయి. ఆ కథల జోలికి పోకుండా, అటువంటి అపరాధ పరిశోధక నవలలలో ఎదురయ్యే కొన్ని మాటల పుట్టుపూర్వోత్తరాలను ఈ నెల పరిశీలించదలిచాము. వాటిలో చాలా మాటలు మన తెలుగువి కూడా.

'జాసూస్' అంటే గూఢచారి. దీని అరబీ ధాతువుకు మొదటి అర్థం చేతితో తడిమి చూడడం. హకీము నాడి పట్టి చూసినట్లు. ఆ ధాతువు నుంచే 'తజస్సుస్' పుట్టింది. ఉర్దూలో తజస్సుస్ అంటే కుతూహలం, ఉత్కంఠ. నవలకు అది మెప్పు. అయితే దివ్య ఖుర్‌ఆన్‌లోని హుజురాత్ సూరా 12వ ఆయతు విశ్వాసులను వారించిన పనికీ అదే పేరు. అనుమానం, కూపీలు లాగడం, పరోక్షనింద అనే మూడింటినీ ఆ ఆయతు ఒకే వరుసలో ఉంచింది. అనుమానం కూపీ లాగిస్తుంది. కూపీలో దొరికినది పరోక్షనిందకు సరుకవుతుంది.

మరి నేర పరిశోధన తప్పా? కాదు. బాధ్యత గలవారు జరిగిన నేరాన్ని విచారించడం వేరు. ఒకరి లోపాల కోసం వారి ఇంట్లోకి తొంగిచూడడం వేరు. మన కచేరీ భాష ఆ మొదటి పనికి చెందినదే. 'దర్యాప్తు'కు మూలమైన ఫారసీ మాటకు కనుగొనడం అని అర్థం. 'ఫిర్యాదు' సాయం కోరుతూ పెట్టే మొర. 'ఖూనీ'లో ఉన్నది నెత్తురు. అరబీ నుంచి వచ్చిన 'ఖైదు'కు మొదటి అర్థం సంకెల. ఫారసీ పాలనాభాషగా ఉన్న కాలంలో ఇవి తెలుగులో స్థిరపడ్డాయి.

వీటన్నిటిలో 'ముద్దాయి' ప్రయాణం వింతైనది. అరబీలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు. ఆ దావాకు జవాబు చెప్పవలసినవాడు 'ముద్దఆ అలైహ్'. ఉర్దూలో నేటికీ ఈ తేడా నిలిచే ఉంది. తెలుగులో మాత్రం అర్థం తలకిందులై, బోనులో నిలబడినవాడే ముద్దాయి అయ్యాడు.

రుజువు చూపవలసిన భారం ముద్దయీదేనని దైవప్రవక్త (స) బోధించారు. మాట అర్థం మారినందువల్ల నష్టమేమీ లేదు. మన మనసుల్లో ఆ భారం కూడా చేతులు మారితేనే నష్టం. కోడలి మీదనో, పొరుగువారి మీదనో ఒక మాట వినబడగానే, 'నిజం కాకపోతే వారే నిరూపించుకోవాలి' అంటాము. వాట్సాప్‌లో వచ్చిన నిందను ఆధారం అడగకుండానే పదిమందికి పంపుతాము. దావా వేసినవాడు హాయిగా ఇంటికి పోతాడు. నింద పడినవాడు ఏళ్ల తరబడి సంజాయిషీ చెప్పుకుంటూ ఉంటాడు.

మంచి పరిశోధక నవల ఈ తొందరపాటును సరిదిద్దుతుంది. అందరూ వేలెత్తి చూపినవాడు చివరికి తరచుగా నిర్దోషిగా తేలుతాడు. పిల్లలు అటువంటి పుస్తకం చదువుతుంటే, కొత్తగా తగిలిన మాటకు మూలమేమిటో దాదీనో నానీనో అడగమనండి. నిఘంటువు తీసి చూపండి. కథ మధ్యలో 'దొంగ ఇతడే' అని వారు తేల్చేస్తే, 'ఆధారమేది బేటా?' అని అడగండి. ఈ ప్రశ్నకు అలవాటుపడిన పిల్లలు రేపు ఒకరి పరువు తమ చేతికి వచ్చినప్పుడు తొందరపడరు.