బీపీ చూసే చోటే మనసునూ చూడాలి



విజయవాడ వన్ టౌన్‌లో డాక్టరు దగ్గరికి వెళ్లి ‘నా మనసు బాగాలేదు’ అని నోరు విప్పేవాళ్లు తక్కువ. గుండె దడ అంటారు. గ్యాస్ అంటారు. కాళేశ్వరరావు మార్కెట్లో రోజంతా మూటలు మోసే మనిషి నిద్ర పట్టడం లేదంటే ఒళ్లు నొప్పులనుకుని మాత్ర రాసేస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు రాజరాజేశ్వరిపేటను ముంచెత్తింది. అప్పటి నుంచి వాన పెద్దదైతే వణికిపోయేవాళ్లకు, ఆ వణుకుకూ వైద్యం ఉందని చెప్పే మనిషి ఇంటి దగ్గరే ఉండాలి.

వాళ్లను మానసిక వైద్యశాలకు వెళ్లమంటే వెళ్లరు. హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న చోటు పేరుతో ‘ఎర్రగడ్డకు పంపాలి’ అనే మాట తెలుగునాట ఈనాటికీ తిట్టే. అదే షుగరు మాత్రల కోసం పట్టణ ఆరోగ్య కేంద్రంలో వరసలో నిలబడటానికి ఎవరూ సిగ్గుపడరు. కనుక మనసు సంగతీ ఆ వరసలోనే అడగాలి.

ఇది జరిగే పనేనా? పక్కనున్న ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగింది. అక్కడి 30 గిరిజన గ్రామాల్లో 21 మంది ఆశా కార్యకర్తలకు, ఇద్దరు ప్రాథమిక వైద్యులకు జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ పరిశోధకులు శిక్షణ ఇచ్చారు. ఆశాలు ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి 5,007 మందిని ప్రశ్నలడిగితే, 238 మందిలో కుంగుబాటు, ఆందోళన వంటి లక్షణాలు కనిపించాయి. వీళ్లలో అంతకుముందు వైద్యం కోసం వెళ్లినవాళ్లు ఇద్దరే. ఆ తర్వాత 30 మంది వెళ్లారు.

ముప్పై తక్కువే. కానీ అవి కొండ పల్లెలు, ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. వన్ టౌన్‌లో ఆరోగ్య కేంద్రం నడిచి వెళ్లేంత దూరం.

డాక్టర్లకు తీరికెక్కడిదనే అభ్యంతరం నిజమే. అయితే మొదటి పలకరింపు డాక్టరే చేయనక్కర్లేదు. బీపీ చూసే ఏఎన్ఎం ‘రెండు వారాలుగా దిగులుగా ఉంటోందా? దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా?’ అని అడిగితే చాలు, ఎవర్ని లోపలికి పంపాలో తెలుస్తుంది. చికిత్స మొదలైనవాళ్లు మధ్యలో మానేయకుండా ఆశాలు చూసుకోవాలి. ఆ అదనపు పనికి వాళ్లకు అదనపు డబ్బు ఇచ్చి తీరాలి. ఊరికే చేయించుకోవడం అన్యాయం.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో చాలా రుగ్మతలకు 70 శాతానికి పైగా బాధితులు చికిత్స లేకుండానే ఉన్నట్టు తేలింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యాన్ని ప్రతి మనిషి హక్కుగా గుర్తించింది. జిల్లా వైద్యాధికారులు ఏఎన్ఎం అడగాల్సిన ఆ రెండు ప్రశ్నలను, వాటి తర్వాత అవసరమయ్యే మందులను వన్ టౌన్ కేంద్రాల్లో ముందుగా మొదలుపెట్టించాలి. ఈలోగా ఎవరికైనా మనసు బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి. ఆ ప్రభుత్వ సహాయవాణి టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

– ఒక పాఠకురాలు,
కొత్తపేట, విజయవాడ