పసరు పనిచేస్తుందా? పరీక్షించి చెప్పండి!

ఆకుపసర్ల మాటెత్తితే చాలు, జనం రెండు జట్లుగా చీలిపోతారు. ఒక జట్టు "మన పూర్వీకులకు తెలియనిదేముంది?" అంటుంది. రెండో జట్టు "అంతా మూఢనమ్మకం" అని కొట్టిపారేస్తుంది. రెండిట్లోనూ నాకు కనబడేది ఒకటే: బద్ధకం. పరీక్షించి చూద్దామని ఎవరూ అనరు!

పాముకాటునే తీసుకోండి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడింది 2016 అక్టోబరులో. అంతకుముందు వాటిలో ఎక్కువ భాగం వరంగల్ జిల్లానే. ఆ జిల్లా కోయలు పాముకాటుకు వాడే మొక్కల మీద సుతారి సతీష్, వత్సవాయ ఎస్. రాజు గార్లు రాసిన పరిశోధన వ్యాసం కూడా 2016లోనే వచ్చింది. చాలా అవసరమైన పని. అడవీ తరిగిపోతోంది, మొక్కలు గుర్తుపట్టే పెద్దవాళ్లూ పోతున్నారు. ఇప్పుడు రాసిపెట్టకపోతే తర్వాత వెతికినా దొరకదు.

కానీ రాసిపెట్టడం సగం పనే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో అది రిక్వైర్‌మెంట్స్ సేకరణ. టెస్టింగ్ వేరే ఉంది. జాబితాలో పేరుంది కాబట్టి శాస్త్రీయంగా రుజువైపోయిందని ప్రచారం చేసేవాళ్లతోనే నా పేచీ.

"మా ఊళ్లో పసరు తాగి బతికారు కదా" అంటారా? కరిచిన ప్రతి పామూ విషప్పాము కాదు. విషప్పాము కూడా కాటేసిన ప్రతిసారీ విషం ఎక్కించదు. అప్పుడు ఏ ఆకు నూరి పోసినా మనిషి బతుకుతాడు, పేరు ఆకుకి వస్తుంది. చచ్చిపోయినవాడు వచ్చి సాక్ష్యం చెప్పడు కదండీ! 2000 నుంచి 2019 దాకా మనదేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని ఒక అధ్యయనం అంచనా.

పైగా పసరుతో పోయేదేం లేదనుకోవడం ఇంకో భ్రమ. పాముకాటుకి చాలాచోట్ల వాడే నల్లేశ్వరిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందులో ఒక మూలిక బదులు ఈ జాతి మొక్కే కలిసిపోయి ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పోయాయి.

ఇక వెక్కిరించే జట్టుకి: దగ్గుమందు బ్రోమ్‌హెక్సిన్‌కి మూలం మన అడ్డసరంలోని వాసిసిన్. చైనా శాస్త్రవేత్త తూ యూయూ పాత వైద్యగ్రంథంలో దొరికిన ఆధారంతోనే మలేరియా మందు ఆర్టెమిసినిన్ సాధించి 2015లో నోబెల్ అందుకుంది. అయితే ఆవిడ గ్రంథాన్ని కళ్లకద్దుకుని ఊరుకోలేదు. తక్కువ వేడిలో సారం తీసి, జంతువుల మీద చూసి, తర్వాత తనే మింగి పరీక్షించింది.

మనక్కావలసిందీ అదే. జాబితాల్లోని మొక్కల్ని ల్యాబులకి పంపండి. విషగుణాలు ముందు చూడండి. పనికొచ్చినవాటిలో కోయల వాటా కోయలకివ్వండి. పనికిరానివాటి పేర్లు కూడా దాచకుండా వాళ్ల గూడేల్లోనే చెప్పండి.

అంతవరకూ పాము కరిస్తే పసరు కోసం చూడొద్దు. విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దవాఖానాకి పరుగెత్తండి.