పెరటి మాట: క్రిస్మస్ చెట్టును ఏప్రిల్ చూసి కొనండి

డిసెంబరు వచ్చేసింది. కాలనీల్లో నక్షత్రాలు కట్టే పని మొదలయ్యే ఉంటుంది. ఈ నెల ముగ్గురు ఒకటే అడిగినారు: "ప్లాస్టిక్ చెట్టు వద్దు. బతికిన చెట్టు కొని, పండగ అయినాక ఊర్లో నాటుకుంటాం. ఏది కొనేది?" మంచి ఆలోచన. మా వెంకటమ్మనహళ్లి నేలను, ఎండను లెక్కలో పెట్టుకొని జవాబు చెబుతాను. పావగడ తాలూకా చుట్టూ మూడు వైపులా ఆంధ్రే కాబట్టి మడకశిర, కళ్యాణదుర్గం వైపు వాళ్లకూ ఇదే లెక్క.

బెంగుళూరు నర్సరీల్లో "క్రిస్మస్ చెట్టు" అని ఇచ్చేది ఎక్కువగా అరౌకేరియా. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు చాచి గోపురం మాదిరి పెరుగుతుంది. చూస్తే కొనకుండా రాలేం. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న పసిఫిక్ దీవులు. చుట్టూ సముద్రం, గాలిలో ఎప్పుడూ తేమ. బెంగుళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. అందుకే లాల్‌బాగ్‌లో ఆ చెట్లు ఆకాశానికి ఎక్కినాయి. మా తట్టు వాన అందులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. తిరుమణి దగ్గర 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు పెట్టినారంటే దేన్ని చూసి పెట్టినారు? మా ఎండను చూసే కదా. సోలార్ పలకకు పండగైన ఎండ అరౌకేరియాకు చావు.

రెండేండ్ల కింద మా వీధిలో ఒక పిల్లోడు బెంగుళూరు నుంచి ఆ మొక్కను బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చినాడు. పండగ బాగా జరిగింది. పిల్లోడు డ్యూటీకి పోయినాడు. ఉగాదికి కింది అంతస్తు ఎర్రబారింది. ఆ జాతికి ఒకసారి ఎండిన కింది కొమ్మ మళ్లీ రాదు. వాళ్లమ్మ కొళాయి వచ్చిన రోజు ఒక బిందె దానికే పెట్టేది, పగలు పాత చీర కప్పేది. మే నెలలో మొక్క పోయింది. ఆమె నాతో అన్నది ఒకటే: "నేను నీళ్లు పోయలేదనుకుంటాడేమో అన్నా." ఆమె తక్కువ చేసిందేమీ లేదు. ఆ మొక్క ఈ గాలికి పుట్టింది కాదు.

అందుకే చెబుతున్నా. చెట్టు కొనేది మనం, నీళ్లు మోసేది ఇంటి దగ్గరున్న అమ్మ, అక్క, అత్త. డిసెంబరులో ఎట్లా కనబడుతుందని కాదు, ఏప్రిల్‌లో దానికి ఎన్ని బిందెలు కావాలని అడిగి కొనండి.

మా నేలకు నా ఓటు సరుగుడుకే. సర్వి అనండి, చౌకు అనండి, కన్నడంలో గాళిమర. చూపుకు అచ్చం క్రిస్మస్ చెట్టే. సూదుల్లాంటి ఆకులు, చిన్న చిన్న కాయలు. నిజానికి ఆ సూదులు ఆకులు కావు, సన్నటి పచ్చ కొమ్మలు. అసలు ఆకులు కణుపుల దగ్గర పొలుసుల మాదిరి ఉంటాయి. అందుకే నీటి ఖర్చు తక్కువ. వేర్ల మీద బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి బీద నేలలోనూ పెరుగుతుంది. ఎర్ర ఇసుక నేల దానికి ఇష్టం. నీళ్లు నిలిచే నల్లరేగడి మాత్రం వద్దు.

కొనేటప్పుడు రెండడుగుల లోపు మొక్క తీసుకోండి. సంచి కింద వేర్లు చుట్టలు చుట్టుకొని బయటికి వచ్చింటే వదిలేయండి. ఇంట్లో నాలుగు రోజులకు మించి పెట్టొద్దు, దానికి ఎండ కావాల. చిన్న ఎల్ఈడీ దీపాలు చాలు. వైరు కాండానికి బిగించి కట్టొద్దు.

డిసెంబరులో నాటాలంటే వారానికి రెండు బిందెలు పోసే మనిషి ఇంట్లో ఉండాల. లేకపోతే సగం నీడలో కుండీలోనే కాపాడి, వానలు పడినాక నాటండి. కుండీకి రోజూ ఒక చెంబు చాలు. ఒకటిన్నర అడుగు గుంత, రెండు తట్టల చివికిన పేడ ఎరువు, పాత సరుగుడు చెట్టు కింది మట్టి నాలుగు పిడికిళ్లు. ఆ మట్టిలోనే నేను చెప్పిన సూక్ష్మజీవి ఉంటుంది. మొదట్లో శనక్కాయ పొట్టు మందంగా పరిస్తే తేమ నిలుస్తుంది. మేకలకు అందకుండా కంప కట్టండి. గోడకు, కరెంటు తీగలకు ఇరవై అడుగుల దూరం ఉండాల. రెండు ఎండాకాలాలు దాటిస్తే తర్వాత అదే చూసుకుంటుంది. పెద్దదైనాక ఏటా పక్క కొమ్మ ఒకటి కోసి తడి ఇసుక బకెట్లో నిలబెడితే పండగ గడుస్తుంది. తల మాత్రం కొయ్యొద్దు.

లైన్ ఇంట్లో ఉండేవాళ్లకు నేల యాడుంది? వాళ్లకు తూజా మేలు. కుండీలో ఏండ్ల తరబడి ఉంటుంది. పొద్దుటి ఎండ తగిలే మెట్టు మీద పెట్టండి.

"సూదుల చెట్టే ఎందుకు?" అని అడిగేవాళ్లకు ఒక మాట. న్యూజిలాండ్‌లో డిసెంబరంటే ఎండాకాలం. అక్కడ ఎర్రగా పూసే పొహుటుకావా చెట్టునే క్రిస్మస్ చెట్టు అంటారు. ఎవరి నేలలో ఏది బతికితే అదే వాళ్ల పండగ చెట్టు. మీ వాకిట్లో వేపో కానుగో ఇప్పటికే ఉంటే, దానికే నక్షత్రం కట్టండి. కొత్త మొక్కకు పెట్టే డబ్బులు మిగులుతాయి, ఇంట్లో ఆడవాళ్లకు ఒక బిందె బరువు తగ్గుతుంది.

నాటినవాళ్లు ఏప్రిల్ నెలాఖరులో మొక్క ఎట్లా ఉందో నాకు రాయండి. ఎండిపోయినా రాయండి. కారణం చూద్దాం.