వెల కట్టేవారెవరు?

ఇంటిపన్నులో న్యాయం జరగాలంటే నిపుణులతో ఒక బోర్డు పెట్టాలనీ, రాజకీయాలు సోకని ఆ బోర్డు ప్రతి ఇంటికీ శాస్త్రీయంగా విలువ కడితే ఇక పేచీయే ఉండదనీ మన ఆర్థికవేత్తలు చాలాకాలంగా సెలవిస్తున్నారు. వినడానికి ఇంపైన మాటే. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడివి, పన్నుల గొడవ నీకెందుకని పాఠకులు అడగవచ్చు. ఎందుకంటే, యీ వ్యవహారమంతా ‘విలువ’ అనే ఒక్క మాట మీద నడుస్తోంది. మాటకు అర్థం తారుమారైనప్పుడు నోరు విప్పడం మా వృత్తిలో భాగమే.

మన భాషలో వెల వేరు, విలువ వేరు. సంతలో పలికేది వెల. మనిషి అక్కరకు వచ్చేదానికి ఉండేది విలువ. ఉపయోగపు విలువ, మారకపు విలువ అంటే మార్క్సును చదివిన విద్యార్థికి మరింత తేలికగా బోధపడుతుంది. నలభై ఏళ్ళ కిందట పెంకుటిల్లు కట్టుకుని అందులోనే ముసలివాడైన చేనేత కార్మికుణ్ణి తీసుకోండి. ఎదుట రోడ్డు వెడల్పయింది, మూల మీద బంగారం దుకాణం వెలిసింది, గజం ధర నాలుగింతలయింది. ఆయన ఇంట్లో దుమ్ము తప్ప పెరిగిందేమీ లేదు. ఆయన ఆ ఇంటిని అమ్మడు. ఎన్నడూ మారకానికి రాని ఆ ఇంటికి మారకపు విలువ కట్టి, దానికి ‘మూలధన విలువ’ అని పేరుపెట్టారు. ఎవరికి మూలధనం?

యీ బోర్డుల పుట్టుక చూడండి. 2010-15 కాలానికి సిఫార్సులు చేసిన 13వ ఆర్థిక సంఘం పట్టణాలకిచ్చే గ్రాంటులో ఒక భాగానికి తొమ్మిది షరతులు పెట్టింది. రాష్ట్రస్థాయిలో ఆస్తిపన్ను బోర్డు పెట్టడం వాటిలో ఒకటి. ఆస్తులు లెక్కించడం, పన్ను పద్ధతిని సమీక్షించడం, ఎప్పుడెప్పుడు సవరించాలో చెప్పడం బోర్డు పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రాలు బోర్డులు పెట్టాయి. కిందనున్న ప్రజ అడిగితే పుట్టినవి కావివి, పైనున్న ఖజానా అడిగితే పుట్టినవి. ఎవరు అడిగితే పుట్టిందో వారికే కదా ఏ సంస్థ అయినా జవాబు చెప్పుకునేది!

పదేళ్ళ తర్వాత అదే కథ ఇంకాస్త నగ్నంగా నడిచింది. 2020లో, కరోనా మూలంగా ఆదాయం పడిపోయిన రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే కొన్ని ‘సంస్కరణలు’ చెయ్యాలని కేంద్రం చెప్పింది. రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా ఆస్తిపన్నుకు కనీస రేట్లు ప్రకటించడం అందులో ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఆ ఏడాది నవంబరులో అద్దె విలువను వదిలి మూలధన విలువకు మారింది. 2021 జనవరిలో 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి దొరికింది. చట్టం మారిన నాటికి చాలా పట్టణాల్లో ఎన్నికైన కౌన్సిలే లేదు, ప్రత్యేకాధికారుల పాలన. మునిసిపల్ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఓటరుకు మొహం చూపించనక్కర్లేని వేళ చూసి పన్ను స్వభావం మార్చారన్నమాట.

పేదలకు రక్షణ ఉందని వాదిస్తారు. సొంతంగా కాపురముండే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే అన్నారు. మంచిదే. 375 అంటే పాతిక అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. దానికి ఒక వసారా కలిస్తే రక్షణ ఆవిరి. పెంపు ఏడాదికి 15 శాతం దాటదని మరో అభయం. చక్రవడ్డీ లెక్క వేసుకోండి: అయిదేళ్ళలో రెండింతలు. ఏ మేస్త్రి కూలి, ఏ గుమాస్తా జీతం అయిదేళ్ళలో రెండింతలయింది? పైగా ఇన్నేళ్ళూ పలుకుబడితో తన మేడకు సగం పన్నే కట్టినవాడికీ అదే 15 శాతం గొడుగు పడుతుంది.

అద్దెకున్నవాడి ఊసు ఏ లెక్కలోనూ లేదు. మా వీధిలో విద్యార్థులకు గదులు అద్దెకిచ్చే ఒకాయన్ని కదిలించాను. “నాదేముంది మాస్టారూ, గదికి రెండొందలు వేశాను, వాళ్ళే కట్టుకుంటారు,” అన్నాడు. నోటీసు ఆయన పేరున వస్తుంది, భారం కుర్రవాళ్ళ మీద పడుతుంది. అభ్యంతరం చెప్పే హక్కు మాత్రం ఆయనదే.

అసలు ఆ అభ్యంతరం సంగతి చూద్దాం, కీలకం అక్కడుంది. కార్పొరేషన్లకు వర్తించే 1955 నాటి చట్టం ప్రకారం ముందు కమిషనరుకే మొర పెట్టుకోవాలి. పన్ను వేసినవాడే న్యాయమూర్తి. ఆపైన కోర్టుకు పోవాలంటే అడిగిన పన్ను ముందు కట్టాలి. ఉన్నవాడు కట్టి వకీలును పెట్టుకుంటాడు. లేనివాడు రశీదు పుచ్చుకుని ఇంటికి వస్తాడు.

ఇది మన వెనకబాటుతనమనీ, ముందుకుపోయిన దేశాల్లో ఇలా ఉండదనీ అనుకునేవారికి చికాగో నగరమున్న కుక్ కౌంటీని చూపిస్తాను. అక్కడ విలువ కట్టేందుకు ఎన్నికైన అధికారి ఉన్నాడు, అప్పీళ్ళు వినడానికి ముగ్గురు ఎన్నికైన సభ్యుల బోర్డూ ఉంది. అయినా చికాగో ట్రిబ్యూన్, ప్రోపబ్లికా 2017లో లెక్కలు తీసి చూస్తే, చౌక ఇళ్ళకు అసలు ధరను మించి, ఖరీదైన ఇళ్ళకు అసలు ధరకు తక్కువగా విలువ కట్టినట్టు తేలింది. అప్పీళ్ళు ఆ తేడాను మాపకపోగా పెంచాయి. చట్టం ముందు అప్పీలు అందరిదీ, ఆచరణలో ఉన్నవాడిదే! రాష్ట్ర శాసనసభ స్పీకరుగా దశాబ్దాలు వెలిగిన మైకేల్ మాడిగన్‌కు యీ పన్ను అప్పీళ్ళు నడిపే న్యాయవాద సంస్థ ఉండేది. లెక్కలు బయటపడ్డాక, 2018లో ఆ విలువలు కట్టిన జోసెఫ్ బెరియోస్‌ను సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే ఓటర్లు ఇంటికి పంపారు. ఏ నిపుణుల బోర్డూ చెయ్యని పని లెక్క చూసిన జనం చేశారు.

ఇక మనవాళ్ళతోనూ నాకొక తగువుంది. ‘ఆస్తిపన్ను పెంచొద్దు’ అని ఊరేగింపుల్లో మనం ఇచ్చే నినాదం వింటే వాణిజ్య సముదాయాల యజమాని మనకంటే గట్టిగా చప్పట్లు కొడతాడు. ఆస్తి మీద పన్ను వామపక్షం కోరవలసిన పన్ను. 1978లో పశ్చిమ బెంగాల్ లెఫ్ట్ ఫ్రంట్ ప్రభుత్వమే కేంద్ర వాల్యుయేషన్ బోర్డు చట్టం చేసింది. విలువ కట్టే పనిని మునిసిపాలిటీల చేతిలోంచి తీసి ఆ బోర్డుకిచ్చింది. కౌన్సిలరు మొహమాటం నుంచి లెక్కను తప్పించడం సరైన ఆలోచనే. నా కొరత ఒకటే: లెక్క మునిసిపాలిటీ చెయ్యి దాటింది సరే, వీధి కంటికి ఆనాలి కదా.

అందుకు పెద్ద విప్లవం అక్కర్లేదు. 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. అభ్యంతరాలు ఆ కమిటీ ముందు, కూలిపనుల నుంచి జనం తిరిగివచ్చే సాయంత్రం వేళ వినాలి. అందులో అద్దెదారులకు స్థానం ఉండాలి. సొంత నివాసానికొక రేటు, అయిదో ఇంటికి అంతకు ఎన్నో రెట్ల రేటు ఉండాలి. వార్డులో అతిపెద్ద యాభై ఆస్తుల విస్తీర్ణం, కట్టిన విలువ, కట్టవలసిన పన్ను, కట్టిన పన్ను వార్డు ఆఫీసు గోడ మీద అతికించాలి.

ఆ చివరి పని మన విద్యార్థులు రేపే మొదలుపెట్టవచ్చు. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. పది రూపాయల దరఖాస్తుతో ఒక్క వార్డు డిమాండు రిజిస్టరు అడగండి. సందుకు సందు తిరిగి రిజిస్టరులోని అడుగులకు, నేల మీది అడుగులకు ఎంత దూరమో కొలవండి. మేడల దగ్గర మొదలుపెట్టి పెంకుటిళ్ళ దగ్గరకు రండి. వచ్చిన లెక్కను యీ పత్రికకే పంపండి.