పేరు నాది, వేలు ఎవరిది?



హాజరు పట్టీ కంప్యూటరెక్కిన నాటి నుంచి యాజమాన్యాలది ఒకటే పాట: "కంప్యూటరు అబద్ధం చెప్పదు." నిజమే. ఎక్కించిందే చెబుతుంది. ఎక్కించిందెవరన్నదే మన ప్రశ్న.

సెలవు, షిఫ్టు, ఓవర్‌టైము అన్నీ కార్మికుని ఖాతాలో చేరుతున్నాయి. ఆఫీసులో పై అధికారం ఉన్నవాడు మన పాస్‌వర్డు లేకుండానే అందులోకి దూరే ఏర్పాటు పెట్టుకోవచ్చు. అక్కడ రెండో పేరు నమోదు కాకపోతే, అతను చేసిందంతా మనం చేసినట్టే. రాత్రి షిఫ్టు చేసిన చెల్లెలి పేరున సెలవు చీటీ పుడుతుంది. అడిగితే "నువ్వే పెట్టావు, చూడు" అంటారు!

ఇది పాత జబ్బే. నేను స్పిన్నింగులో పనిచేసిన ఒక మిల్లులో టైంకీపరు మస్టరులో హాజరును గైర్హాజరుగా దిద్దేవాడు. కానీ సిరా మీద సిరా పడితే మచ్చ కనిపించేది. ఆ మచ్చే మన సాక్ష్యం. కంప్యూటరులో ఆ మచ్చ కూడా మిగలదు.

ఆఫీసువారు మన ఖాతా ముట్టనే కూడదని మనం అనడం లేదు. చదువురాని అక్కకు, పాస్‌వర్డు మరిచిన తమ్ముడికి సాయం కావాలి. సాయం చేసేవాడు తన పేరు దాచుకోవడం దేనికి?

కంపెనీ లెక్కలు రాసే సాఫ్ట్‌వేరులో ప్రతి దిద్దుబాటూ తేదీతో నమోదు కావాలని, ఆ నమోదును ఆపే వీలుండకూడదని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం నిబంధన అమలులో ఉంది. వాటాదారుల రూపాయికున్న కాపలా కార్మికుని చెమటకు వద్దా? మరొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి సెక్షను కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. దూరినవాడి పేరే లేకపోతే చట్టం ఎవరిని పట్టుకుంటుంది?

మన కోర్కెలు:

1. ఖాతా ఎవరిది, తెరిచింది ఎవరు, ఏ వేళ, ఏ కారణాన అన్నది నమోదు కావాలి.
2. వెంటనే కార్మికుని ఫోనుకు కబురు రావాలి.
3. రాజీనామా, పి.ఎఫ్. దరఖాస్తు కార్మికుని బదులు ఎవరూ పెట్టకూడదు.
4. ఆ చిట్టాను ఎవరూ చెరపకూడదు. అడిగిన కార్మికునికి తన చిట్టా తెలుగులోనో, తమిళంలోనో ఇవ్వాలి.

మనలో మాట ఒకటి. ఫోనుకొచ్చిన ఓటీపీని సూపర్‌వైజరుకు చెప్పేయడం మానండి. అది మీ సంతకం. తెల్లకాగితం మీద సంతకం చేసిస్తారా?

హోసూరు, కృష్ణగిరి కార్మికులారా! ఈ నాలుగూ కోర్కెల పత్రంలో చేరుద్దాం. గేటు మీటింగుకు కదలి రండి. పేరు మనదైతే లెక్కా మనకు చెప్పాల్సిందే!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి