స్టీరింగు వదులు - బాధ్యత ఎవరిది?

టపా సంచులను, ట్రాకు పనిముట్లను మోస్తూ కంకర దారుల్లో, మట్టిబాటల్లో తిరిగే పికప్ బండ్ల డ్రైవర్ల నుండి మేము తరచు వింటున్న ఫిర్యాదు ఒకటున్నది: "స్టీరింగు ఆడుతున్నది, బండి తిన్నగా పోవడం లేదు."

కుదుపులకు టై రాడ్ బాల్ జాయింట్లు, కింగ్ పిన్నులు, చక్రాల బేరింగులు అరుగుతాయి. స్టీరింగ్ బాక్సును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు వదులవుతాయి. చక్రాలకు అడ్డుపెట్టి, ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ ఉంటే, పక్కనుండి చూసే రెండవవానికి లోపం ఎక్కడున్నదో చాలావరకు తెలిసిపోతుంది. అరిగినదాన్ని మార్చి, ఆపైన అలైన్‌మెంటు, టైర్ల గాలి సరిచూడాలి. అంతేగాని బాక్సు మీది స్క్రూ బిగించి బండిని పంపివేయడం మరమ్మతు కాదు. అతిగా బిగిస్తే స్టీరింగు పట్టేస్తుంది. మలుపు తిరిగాక తిన్నగా రాదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన ప్రకారం స్టీరింగు వదులు 30 డిగ్రీలు మించరాదు. 1988 చట్టంలోని 190వ సెక్షను, లోపమున్న బండిని నడిపినవానితో పాటు నడిపించినవానిని కూడా బాధ్యుణ్ణి చేస్తున్నది.

కనుక డ్రైవరు సోదరులారా! లోపాన్ని లాగ్ పుస్తకంలో తేదీతో రాయండి. నకలు దగ్గర ఉంచుకోండి. అధికారులకు మేము చెప్పేదొక్కటే: ప్రమాదం జరిగిన తరువాత ఛార్జిషీటు రాసే కలం, అంతకు ముందే విడిభాగాల ఇండెంటుపై సంతకం చేయాలి.